సబ్బు నల్లబడేదాకా

గుణుపురం స్టేషను వెనక మా షెడ్డులో
ముప్పై ఏళ్లుగా నేను తిప్పినవన్నీ గిన్నెలే.
తపేలాలు, డేగిసాలు, హాస్టలు గుండిగలు.
ఎవరేం చేయమన్నా నేనడిగేది ఒకటే:
ఎంతమందికి ఉడకాలి?

కాలేజీ పిల్లలు ముగ్గురొచ్చి
రేకుల బల్లమీద కాగితం పరిచారు.
రేసు కారుకి చక్రాలట.
కారు కూడా వాళ్లే చేస్తున్నారట.
"ఎంతమందికి?" అన్నాను అలవాటు చొప్పున.
"ఒక్కరే కూర్చుంటారు మౌసా" అంది శుభస్మిత.
నవ్వలేదు. ఆ పిల్ల లెక్కల మనిషి.

కొనబోతే ఒక్కో చక్రం
ఒక సెమిస్టరు మెస్సు బిల్లు మింగుతుందట.
నడిమి బిళ్ల విశాఖలో కోయించుకొస్తారు,
అటూ ఇటూ చిప్పలు మాత్రం నా పని.
రెండు మూకుళ్లు
వీపూ వీపూ ఆనించి నించున్నట్టు ఉంది బొమ్మ.
"అడుగు లేని గిన్నెలన్నమాట."
తవిటినాయుడు తల గోక్కున్నాడు.
"అంతే మావా."

గుగ్గిలం దుంగతో అచ్చు చెక్కాను.
రేకు బిగించి, లేతు వేసి,
చంకలో కర్ర ఇరికించి ఒత్తాను.
గిన్నె రేకు ఏనాడూ నా మాట జవదాటలేదు.
ఈ మూడు మిల్లీల రేకు మాత్రం
అంచు తిరిగే చోట
మడమ పగిలినట్టు పగిలింది.
రెండోదీ అంతే.
మూడోది ఊడి, దూలానికి తగిలి,
వెంకాయమ్మ ఆరేసిన వడియాల్లో పడింది.

అప్పుడు గుర్తొచ్చాడు
నాకు పని నేర్పిన బరంపురం సాహు.
బట్టల సబ్బుతో రేకుమీద గీత గీయాలి.
మంట వెనక నుంచి పెట్టాలి.
గీత తేనె రంగవుతుంది, తరవాత బెల్లం,
తరవాత కాఫీ గింజ.
నల్లబడిందా, ఆపెయ్.
అక్కడ ఆశపడి ఇంకాస్త కాల్చావా,
రేకు నీ కళ్లముందే కుప్పకూలుతుంది.

శుభస్మిత పుస్తకంలో రాసుకుంది:
'ఉష్ణోగ్రత – సబ్బు నల్లబడేదాకా.'

ఎనిమిది చిప్పలకి పదకొండు రేకులు.
దినబంధు కడ్రక
నేలమీది తెల్ల చుట్టొకటి తీసి
వేలికి చుట్టుకున్నాడు.
"ఇది మా కొండదే అయుండొచ్చు" అన్నాడు.
ఎర్రమట్టి ఇంత తెల్లబడటానికి
ఎంత మంట పెట్టుంటారో అన్నాడు.
ఎవరం బదులు చెప్పలేదు.
మోటారు వేడెక్కింది, కాసేపు ఆపాం.

బోల్టులు బిగించి, నడుమ సిలికాను పూసి,
టైరెక్కించి గాలి కొట్టి,
బట్టలుతికే తొట్టిలో ముంచారు.
ఒక్క బుడగ వచ్చింది.
ముగ్గురూ దాన్ని పేరుపెట్టి తిట్టి
మళ్లీ మొదట్నుంచీ విప్పారు.

ఆఖర్న ముల్లు గడియారం లాంటిదొకటి ఆనించి
చక్రాల ఊగు కొలిచింది ఆ పిల్ల.
మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే
మూడు చక్రాలు ఇరవై లోపే.
నాలుగోది నలభై అయిదు.
"యాభై దాటలేదు మౌసా, చాలు."

చాలన్న మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఆ నాలుగోదాని బయటి చిప్పకి
సబ్బు ఇంకా కాఫీ గింజ రంగులో ఉండగానే
చెయ్యి వణికి మంట తీసేశాను.
ఆ సంగతి రేకుకి తెలుసు, నాకు తెలుసు.

కోయంబత్తూరు నుంచి వీడియో పంపారు.
పసుప్పచ్చ కారు, తూనీగంత.
వెంకాయమ్మ కారుని చూసింది.
పగిలిన చిప్పలో పొదిగిన కోడి తప్ప
వీధంతా వచ్చి చూసింది.
నేను వెనక ఎడమ చక్రాన్నే చూశాను.
ఎంత జోరుగా తిరిగిందంటే
ఆగిపోయినట్టే కనిపించింది,
గిన్నె నునుపు తేలే ఘడియలో లాగ.

రాత్రి తవిటినాయుడు ఫోను చేశాడు.
"పదకొండో చుట్టులో గొలుసు తెగింది మావా.
చక్రాలు బంగారం."
"వెనక ఎడమది?"
"దానికేటయింది?"
"ఏటీ లేదు.
వచ్చినప్పుడు విప్పి ఇలా పట్రండి."